ఎలుకలకి బాగైన నరాలు మనకెందుకు బాగవ్వట్లేదు? షుగర్ నరాల మందుల వెనక కథ

పోయిన ఎపిసోడ్ షుగర్ గురించి చేశాక, మీలో చాలామంది ఒకే రకం ప్రశ్న పంపారు. మాటలు వేరు, సారం ఒకటే. "అన్నా, మా అమ్మకి పదేళ్ళుగా షుగర్. రాత్రిళ్ళు అరికాళ్ళు మండుతున్నాయని నిద్రపోదు. ఫలానా ఆకు దెబ్బతిన్న నరాల్ని బాగు చేస్తుందని సైంటిస్టులు నిరూపించారట, వాట్సాప్‌లో వచ్చింది. కషాయం కాచి ఇవ్వొచ్చా?"

మీరు పంపిన లింకులు ఒక్కొక్కటిగా తెరిచి చూశాను. కొన్ని పూర్తిగా గాలి కబుర్లు. కానీ కొన్నింటి వెనక నిజంగానే రీసెర్చ్ పేపర్ ఉంది. నిజంగానే ల్యాబ్‌లో పరీక్ష చేశారు, నిజంగానే నరాలు మెరుగయ్యాయి. కాకపోతే ఆ నరాలు ఎలుకలవి. పేపర్ నుంచి వార్తకి, వార్త నుంచి వాట్సాప్‌కి వచ్చేసరికి ఆ "ఎలుక" అన్న మాట ఒక్కటి రాలిపోతుంది.

కాబట్టి ఇవాళ మనం ఆ ల్యాబ్‌లోకే వెళ్దాం. షుగర్ వల్ల పాడైన నరాలకి మందు కనిపెట్టాలంటే అసలు ఎలుకకి షుగర్ ఎలా తెప్పిస్తారు, దానికి కాలు మండుతోందో లేదో ఎలా తెలుసుకుంటారు, అక్కడ పాసైన మందులు మన దగ్గరికి వచ్చేసరికి ఎందుకు బోల్తా పడ్డాయి, ఇదీ టాపిక్. ముందే చెప్పేస్తున్నాను, నేను డాక్టర్ని కాదు. చదివింది బీటెక్, చేసింది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మందులు చెప్పడం నా పని కాదు. పేపర్ ఎలా చదవాలో చెప్పగలను.

ముందు అసలు జబ్బేంటో రెండు ముక్కల్లో. మన పాదం స్పర్శని మోసే నరం కణం ఎక్కడుంటుందో తెలుసా? నడుం దగ్గర, వెన్నెముక పక్కన. అక్కడి నుంచి దాని తీగ కాలి బొటనవేలి దాకా సాగుతుంది. అంటే ఒకే ఒక్క కణం, పొడవు దాదాపు మీటరు! అంత పొడవైన తీగని ఏళ్ళ తరబడి కాపాడుకోవడం కణానికి తేలికైన పని కాదు. రక్తంలో చక్కెర ఎక్కువై, నరానికి రక్తం అందించే సన్నటి నాళాలు కూడా దెబ్బతింటే, ముందు పోయేది చిట్టచివర. అందుకే జబ్బు వేళ్ళ దగ్గర మొదలై, మేజోళ్ళు తొడిగినట్టు పైకి పాకుతుంది. కొందరికి మంట, సూదులు గుచ్చినట్టు పోట్లు. కొందరికి ఏమీ తెలియకపోవడం. నిజానికి ఈ రెండోదే ఎక్కువ ప్రమాదం. నడుస్తుంటే చెప్పు ఊడిపోయినా తెలియదు. కాలికి మేకు గుచ్చుకున్నా తెలియదు. పుండు పడి, చీము పట్టాక ఇంట్లో వాళ్ళు చూసి చెప్పాలి.

ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే 2023లో బయటపెట్టిన లెక్క ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు దాదాపు 10.1 కోట్ల మంది. కాలక్రమంలో వీళ్ళలో సగం మంది దాకా ఏదో ఒక స్థాయిలో నరాల దెబ్బ చూస్తారని డాక్టర్లు చెప్తారు. ఇంతమందికి ఉన్న జబ్బుకి ఇవాళ ఉన్న మందులేంటి? ప్రీగాబాలిన్, డ్యులోక్సెటిన్. ఈ రెండిటికీ అమెరికా ఎఫ్‌డీఏ 2004లో షుగర్ నరాల నొప్పికి అనుమతి ఇచ్చింది. తర్వాత టాపెంటడాల్ వచ్చింది, 2020లో మిరపకాయ ఘాటు పదార్థంతో చేసిన 8 శాతం క్యాప్సైసిన్ ప్యాచ్ వచ్చింది. ఇవన్నీ నొప్పి తగ్గించేవే. పాడైన నరాన్ని తిరిగి బాగు చేసే మందుకి ఎఫ్‌డీఏ అనుమతి ఇప్పటిదాకా ఒక్కదానికీ రాలేదు. అంటే ఇల్లు కాలుతుంటే ఫైర్ అలారం సౌండ్ తగ్గించే మందులున్నాయి, నిప్పు ఆర్పేది లేదు.

ప్రయత్నించలేదా అంటే, దశాబ్దాలుగా ప్రయత్నిస్తూనే ఉన్నారు. ఎలుకల్లో పనిచేసినవి లెక్కలేనన్ని. సమస్య అక్కడే.

సరే, ఎలుకకి షుగర్ ఎలా తెప్పిస్తారు? దీని వెనక భలే కథ ఉంది. 1950ల చివర్లో అమెరికాలోని అప్‌జాన్ అనే మందుల కంపెనీ కొత్త యాంటీబయాటిక్స్ కోసం మట్టి శాంపిల్స్ వెతికేది. కాన్సస్ రాష్ట్రంలో బ్లూ రాపిడ్స్ అనే చిన్న ఊరి మట్టిలో ఉన్న ఒక బ్యాక్టీరియా నుంచి స్ట్రెప్టోజోటోసిన్ అనే పదార్థం దొరికింది. యాంటీబయాటిక్‌గా పెద్దగా పనికిరాలేదు. కానీ 1963లో తేలిందేంటంటే, ఇది ఎక్కించిన జంతువులకి షుగర్ వచ్చేస్తోంది!

కారణం దాని ఆకారం. సగం గ్లూకోజ్‌లా ఉంటుంది, మిగతా సగం విషం. పాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలకి గ్లూకోజ్‌ని లోపలికి రానిచ్చే తలుపు ఒకటి ఉంటుంది, పేరు గ్లట్-2. ఈ పదార్థం గ్లూకోజ్ వేషంలో ఆ తలుపు గుండా లోపలికి దూరి, కణం డీఎన్ఏని ధ్వంసం చేస్తుంది. చుట్టాల వేషంలో పెళ్ళింట్లో దూరిన దొంగ అన్నమాట. మనుషుల బీటా కణాల మీద ఆ తలుపులు తక్కువ, అందుకే ఎలుకల మీద పనిచేసినంతగా మన మీద పనిచేయదు. పాంక్రియాస్‌లో వచ్చే ఒక అరుదైన క్యాన్సర్‌కి ఇదే పదార్థాన్ని మందుగా వాడతారు కూడా.

ల్యాబ్‌లో అయితే ఎలుక బరువుకి కిలోకి 50 నుంచి 65 మిల్లీగ్రాముల చొప్పున ఒక్క ఇంజెక్షన్. ఇది నిలవ ఉండదు, కొంచెం పులుపుగా ఉండే సిట్రేట్ ద్రావణంలో అప్పటికప్పుడు కలిపి వెంటనే ఎక్కించాలి. ఇక్కడ చాలామందికి తెలియని విషయం: మొదటి రోజు ఎలుకకి వచ్చే ప్రమాదం హై షుగర్ కాదు, లో షుగర్. చచ్చిపోతున్న బీటా కణాలు లోపల దాచుకున్న ఇన్సులిన్ అంతా ఒక్కసారి వదిలేస్తాయి. అందుకే ఆ రాత్రి ఎలుకలకి పంచదార నీళ్ళు పెడతారు. షుగర్ తెప్పించడానికి ఇంజెక్షన్ ఇచ్చి, బతకడానికి చక్కెర నీళ్ళు పట్టడం! రెండు మూడు రోజుల్లో రక్తంలో గ్లూకోజ్ 250 దాటుతుంది, చాలాసార్లు 400 కూడా దాటుతుంది. ఇక ఎలుక లీటర్లు తాగినట్టు నీళ్ళు తాగుతుంది, బోను ఎప్పుడూ తడిగా ఉంటుంది, ఒళ్ళు చిక్కిపోతుంది.

ఇది టైప్-1 లాంటి షుగర్. మన ఇళ్ళల్లో ఉన్నది ఎక్కువగా టైప్-2. ఇన్సులిన్ ఉంటుంది, ఒళ్ళు దాని మాట వినదు, పక్కన పొట్ట, బీపీ, కొలెస్ట్రాల్ కూడా ఉంటాయి. దీనికి దగ్గరగా ఉండాలని మన దేశంలోనే ఒక మంచి పద్ధతి కట్టారు. మొహాలీలోని నైపర్ సంస్థ వాళ్ళు 2005లో చూపించారు: ఎలుకలకి రెండు వారాలు కొవ్వు బాగా ఉన్న తిండి పెట్టి, తర్వాత కిలోకి 35 మిల్లీగ్రాముల చిన్న డోసు ఇస్తే టైప్-2ని పోలిన పరిస్థితి వస్తుందని. ఇది ప్రపంచమంతా వాడుతున్నారు. అమెరికాలో జాక్సన్ ల్యాబ్‌లో 1960ల్లో దొరికిన డీబీ-డీబీ చిట్టెలుకలు పుట్టుకతోనే లావు, వాటంతట అవే షుగర్ తెచ్చుకుంటాయి. అంతదూరం ఎందుకు, మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ దగ్గర కూడా సొంతంగా దొరికిన లావు ఎలుకల జాతులున్నాయి. వాటిలో ఒకదానికి గ్లూకోజ్ తట్టుకునే శక్తి కూడా తక్కువ. ఇన్ని ఉన్నా, నరాల మందుల పేపర్లలో ఎక్కువ శాతం ఆ ఒక్క ఇంజెక్షన్ పద్ధతే. చవక, త్వరగా అయిపోతుంది, పీహెచ్‌డీ గడువులో పట్టేస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. మనిషైతే "మండుతోందమ్మా" అంటాడు. ఎలుకని ఎలా అడుగుతాం?

మ్యాక్సిమిలియన్ వాన్ ఫ్రే అని 19వ శతాబ్దం చివర్లో ఒక జర్మన్ శాస్త్రవేత్త ఉండేవాడు. చర్మం స్పర్శ కొలవడానికి వెంట్రుకలు వాడాడు. ఇప్పుడు నైలాన్ పోగులు. ఎలుకని జాలీ మీద నిలబెట్టి, అది కుదురుకునేదాకా ఆగి, కింద నుంచి పోగుతో అరికాలి మీద పోగు వంగేదాకా నొక్కుతారు. ఒక్కో పోగు వంగడానికి ఒక్కో బరువు. మామూలు ఎలుక 15 గ్రాముల పోగుని కూడా పెద్దగా పట్టించుకోదు. షుగర్ వచ్చిన కొన్ని వారాలకి 4 గ్రాముల లోపే కాలు లాగేసుకుంటుంది. దుప్పటి తగిలినా కాలు మండుతుంది అని మనవాళ్ళు చెప్పే బాధ ఉంది చూడండి, దానికి ఇది నకలు అని నమ్మకం. మరొకటి, గాజు పలక కింద నుంచి వేడి కాంతి పాదం మీద పడేలా చేసి ఎన్ని సెకన్లకి కాలు తీస్తుందో చూడటం. ఇది 1988లో వచ్చింది.

ప్రవర్తన కాకుండా నేరుగా కొలిచేది నరం వేగం. నెట్‌వర్క్‌లో పింగ్ కొట్టినట్టే ఉంటుంది, నాకు బాగా నచ్చిన పరీక్ష. ఎలుకకి మత్తు ఇచ్చి, తుంటి నరాన్ని పైన ఒక చోట, కింద చీలమండ దగ్గర ఒక చోట చిన్న కరెంటుతో తడతారు. పాదం కండరం ఎప్పుడు స్పందించిందో రెండుసార్లూ చూసి, దూరాన్ని సమయాల తేడాతో భాగిస్తారు. ఉదాహరణకి రెండు చోట్ల మధ్య దూరం 3 సెంటీమీటర్లు, తేడా 0.6 మిల్లీసెకన్లు అనుకోండి, వేగం సెకనుకి 50 మీటర్లు. అదే 0.75 మిల్లీసెకన్లు పడితే 40 మీటర్లు. షుగర్ ఎలుకల్లో కొన్ని వారాలకి సుమారు ఈ స్థాయిలోనే, ఐదో వంతు దాకా వేగం పడిపోతుంది. మూడోది, పాదం చర్మంలో చిన్న ముక్క తీసి, రంగు పట్టించి, పై పొరలోకి వచ్చే సన్నటి నరాల కొసలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టడం. ఇది మనుషులకీ చేస్తారు. అందుకే నా దృష్టిలో ఈ మూడింటిలో ఎక్కువ విలువైనది ఇదే.

ఇక పరీక్ష సెటప్ మామూలుగా ఇలా ఉంటుంది. ఒక గుంపు ఆరోగ్యమైన ఎలుకలు. ఒక గుంపుకి షుగర్ ఉంది, మందు లేదు. ఒక గుంపుకి షుగర్, చిన్న డోసు. ఇంకో గుంపుకి షుగర్, పెద్ద డోసు. ఒక్కో గుంపులో ఎనిమిదో పదో ఎలుకలు. కొన్ని వారాల తర్వాత కొలతలు. ఎవరికి మందు ఇచ్చారో కొలిచే మనిషికి తెలియకూడదు. వినడానికి తేలిక. కానీ ఆలోచించండి, షుగర్ ఎలుక చిక్కి ఉంటుంది, బోను తడిసి వాసన వస్తుంది. ఏది ఆరోగ్యమైనదో ఏది షుగర్‌దో గుడ్డివాడు కూడా చెప్పేస్తాడు. పోగుతో నొక్కి "కాలు తీసిందా, లేక ఊరికే కదిలిందా" అని తీర్పు చెప్పేది మనిషే కదా. షుగర్ ఉన్న గుంపుల మధ్య అయినా ఎవరికేం ఇచ్చారో దాచారా లేదా అన్నది పేపర్‌లో రాయాలి. చాలా పాత పేపర్లలో ఆ ముక్కే ఉండదు.

ఇప్పుడు బోల్తా పడిన కథలు. రెండే చెప్తాను, ఎందుకంటే ఈ రెండూ అర్థమైతే మిగతావి అర్థమైనట్టే.

మొదటిది ఆల్డోస్ రిడక్టేజ్ కథ. నరం లోపల గ్లూకోజ్ ఎక్కువైతే ఈ ఎంజైమ్ దాన్ని సార్బిటాల్‌గా మారుస్తుంది. ఆ పనిలో కణం తనని తాను కాపాడుకునే వనరులు ఖర్చైపోతాయి. మరి ఎంజైమ్‌ని ఆపేస్తే? ఎలుకల్లో అద్భుతం. నరం వేగం పడిపోలేదు. ఇక కంపెనీలు వరుసకట్టాయి. సార్బినిల్ వచ్చింది, మనుషుల్లో దద్దుర్లు, జ్వరం లాంటి తీవ్రమైన రియాక్షన్లు. టాల్‌రెస్టాట్ కొన్ని దేశాల్లో అమ్మకానికి కూడా వచ్చింది, లివర్ దెబ్బతిని ప్రాణాలు పోయాక 1990ల చివర్లో ఆపేశారు. జెనారెస్టాట్ కిడ్నీల దగ్గర ఆగింది. ఇన్నింటిలో నిలబడింది ఒక్కటి, ఎపాల్‌రెస్టాట్. జపాన్‌లో 1992 నుంచి ఉంది, మన మెడికల్ షాపుల్లో కూడా దొరుకుతుంది, మీ అమ్మానాన్నల చీటీలో చూసే ఉంటారు. అమెరికాలో దానికి అనుమతి లేదు. పూర్తిగా పనికిరానిదని అనను. కానీ ఎలుకల్లో కనిపించిన ఆ అద్భుతానికీ, మనుషుల్లో కనిపించే చిన్న మెరుగుదలకీ చాలా దూరం.

నాకు తోచే కారణం ఒకటుంది. ఆ ఎలుకల రక్తంలో గ్లూకోజ్ 400 పైన, వారాల తరబడి, ఏ మందూ లేకుండా. అంత చక్కెర ఉన్నప్పుడు ఆ దారి మీద ట్రాఫిక్ విపరీతం, అక్కడ గేటు వేస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మాత్రలు వేసుకుంటూ 160, 180 దగ్గర ఉండే మా నాన్న లాంటి మనిషిలో ఆ దారి మీద అంత ట్రాఫిక్కే ఉండదు. నరాన్ని పాడుచేసే దారులు ఇంకా చాలా ఉన్నాయి.

రెండో కథ ఇంకా బాధాకరం. నరాల పెరుగుదలకి శరీరమే తయారుచేసుకునే ప్రోటీన్ ఒకటుంది, నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్, ఎన్‌జీఎఫ్. దాన్ని కనిపెట్టినందుకు రీటా లెవీ-మాంటల్చీనికీ, స్టాన్లీ కోహెన్‌కీ 1986లో నోబెల్ వచ్చింది. షుగర్ ఎలుకలకి ఇస్తే నరాలు నిలబడ్డాయి. జెనెన్‌టెక్ కంపెనీ మనుషుల్లో రెండో దశ పరీక్ష చేసింది, 250 మందితో, ఆరు నెలలు. ఫలితం బాగుంది! అందరూ ఆశపడ్డారు. మూడో దశకి 1019 మంది, 48 వారాలు. 2000లో ఫలితం అచ్చయింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళకీ, అసలు మందు తీసుకున్నవాళ్ళకీ ముఖ్యమైన కొలతలో తేడా లేదు.

ఏం జరిగింది? ఎన్‌జీఎఫ్ నరాన్ని పెంచడమే కాదు, నొప్పిని కూడా పెంచుతుంది. ఇంజెక్షన్ వేసిన చోట రోజుల తరబడి నొప్పి. అందుకని మనిషికి ఇవ్వగలిగిన డోసు, ఎలుకలకి ఇచ్చిన దానితో పోలిస్తే చాలా చాలా తక్కువ. పైగా నొప్పి పుడితే "ఓహో, నాకు అసలు మందే పడింది" అని పేషెంట్‌కి తెలిసిపోతుంది. రెండో దశలో కనిపించిన ఆ మెరుగుదలలో కొంత ఇదేనేమో అన్న అనుమానం తర్వాత వచ్చింది. కొసమెరుపు చూడండి, కొన్నేళ్ళకి ఇదే ఎన్‌జీఎఫ్‌ని ఆపేసే మందు తయారుచేసి, మోకాళ్ళ నొప్పులకి ప్రయత్నించారు. అదీ 2021లో ఆగిపోయింది, అది వేరే ఎపిసోడ్.

మా ఐటీ వాళ్ళకి ఇది బాగా తెలిసిన బాధ. స్టేజింగ్‌లో అన్ని టెస్టులూ పచ్చగా పాసవుతాయి, ప్రొడక్షన్‌లో పెట్టగానే కూలిపోతుంది. అప్పుడు అడగాల్సిన ప్రశ్న "కోడ్ చెడ్డదా" అని మాత్రమే కాదు, "స్టేజింగ్ అసలు ప్రొడక్షన్‌లా ఉందా" అని.

ఉందా? ఎలుక నరం పొడవు సెంటీమీటర్లలో, మనది మీటరు. ఎలుక జబ్బు వయసు వారాలు, మనది పది పదిహేనేళ్ళు. మనిషి నరంలో తీగలే చచ్చిపోతాయి, ఎలుకలో అంత దూరం జబ్బు ముదరదు, చాలామటుకు వేగం తగ్గడం, కొసలు పల్చబడటం వరకే. పరీక్షకి వాడే ఎలుకలు ఎక్కువగా పడుచువి, ఇంకా ఎదిగే వయసు. మామూలు ఎలుక నరం వయసుతో పాటు వేగం పెంచుకుంటుంటే, చిక్కిపోయిన షుగర్ ఎలుకది పెరగదు. అంటే ఆ తేడాలో కొంత "పాడవడం" కాదు, "ఎదగకపోవడం". ఇంకోటి, ఆ ఇంజెక్షన్ ఇచ్చినా షుగర్ పెరగని ఎలుకల్లో కూడా పాదం అతిగా స్పందించడం కొందరు గమనించారు. ఆ రసాయనం నొప్పి నరాల మీద ఉండే ఒక ద్వారాన్ని తానే నేరుగా తడుతుందని 2015లో ఒక పేపర్ వచ్చింది. అలాంటప్పుడు మనం కొలుస్తున్నది షుగర్ దెబ్బనా, ఇంజెక్షన్ దెబ్బనా?

కానీ నన్నడిగితే వీటన్నిటికంటే పెద్ద తేడా మందు మొదలుపెట్టిన రోజు. పేపర్‌లో "పద్ధతులు" అనే భాగం ఉంటుంది, ఎవరూ చదవరు. అక్కడ చూడండి. చాలా పేపర్లలో ఎలుకకి షుగర్ వచ్చిన రోజో, ఆ వారంలోనో మందు మొదలుపెడతారు. అప్పటికి నరం చెక్కుచెదరలేదు. అంటే అది నరాన్ని బాగు చేయడం కాదు, పాడవకుండా ఆపడం. మీ అమ్మగారు డాక్టర్ దగ్గరికి వెళ్ళేది మంట మొదలయ్యాక, అంటే చాలా కొసలు అప్పటికే పోయాక. వాన రాకముందు గొడుగు పట్టడం వేరు, నిలువునా తడిశాక పట్టడం వేరు.

ఇప్పుడు మీ కషాయం దగ్గరికి వద్దాం. ఆకు సారాల పేపర్లలో ఒక ప్రత్యేకమైన మెలిక ఉంది. కొన్నింటిలో సారాన్ని ఆ విషం ఇంజెక్షన్‌కి ముందు నుంచే ఇస్తారు. ఆ విషం బీటా కణాల్ని చంపేటప్పుడు ఫ్రీ రాడికల్స్ కూడా పుడతాయి. ఆకుల్లో యాంటీ ఆక్సిడెంట్లు ఉంటాయి. కాబట్టి సారం ఆ విషాన్నే కొంత అడ్డుకోవచ్చు, బీటా కణాలు కొన్ని బతుకుతాయి, షుగర్ తక్కువ పెరుగుతుంది, నరం తక్కువ పాడవుతుంది. పేపర్ శీర్షిక మాత్రం "నరాలకి రక్షణ". మీ అమ్మగారికి ఎవరూ విషం ఎక్కించలేదు కదా. అలాగే సారం వల్ల షుగర్ తగ్గి, దాని వల్ల నరం బాగుంటే, ఆ పని ఇన్సులిన్ కూడా చేస్తుంది. నిజాయితీ గల పరీక్షలో ఇన్సులిన్ ఇచ్చిన గుంపు కూడా ఉండాలి.

ఇక డోసు లెక్క. ఎలుక డోసుని మనిషికి మార్చాలంటే శరీర ఉపరితలం లెక్కలో సుమారు 6.2తో భాగిస్తారు. పేపర్‌లో కిలోకి 400 మిల్లీగ్రాములు అని ఉంటే మనిషికి కిలోకి 65 దాకా. 60 కిలోల మనిషికి రోజుకి దాదాపు 3.9 గ్రాములు. అదీ ఆకు కాదు, ఆల్కహాల్‌లో నానబెట్టి తీసి ఎండబెట్టిన సారం. గిన్నెలో నాలుగాకులు వేసి కాచిన నీళ్ళకీ దానికీ సంబంధం పెట్టలేం.

తాగితే పోయేదేముంది, ఆకే కదా అంటారు. మా బంధువుల్లో ఒకావిడ ఇలాంటి పొడి ఒకటి మొదలుపెట్టి, "నరాలు బాగవుతున్నప్పుడు ఇక మాత్రలెందుకు" అని రెండు నెలలు షుగర్ మందులు ఆపేసింది. కాలి వేళ్ళ సందులో చిన్న పుండు. నొప్పి లేదు కాబట్టి చూసుకోలేదు. ఇప్పుడు ఎడమ కాలికి రెండు వేళ్ళు లేవు. ఆ పొడి వల్ల పోయాయని నేను అనను. ఆపేసిన మందుల వల్ల, చూసుకోని పుండు వల్ల పోయాయి.

మరి జంతువుల మీద పరీక్షలే దండగా? నేనలా అనుకోవట్లేదు. ప్రీగాబాలిన్ షుగర్ ఎలుకల పాదం మీద పనిచేసింది, మనుషుల మీదా పనిచేసింది. నొప్పి విషయంలో ఎలుక మరీ అబద్ధం చెప్పలేదు. నరం రిపేర్ దగ్గరే తడబడుతోంది. ఆ రంగంలో వాళ్ళకీ ఇది తెలుసు. 2014లో యూరప్ డయాబెటిస్ సంఘం కింద ఉన్న న్యూరోడియాబ్ బృందం ఒక మాట మీదకి వచ్చింది: ప్రవర్తన, నరం వేగం, నరం నిర్మాణం, ఈ మూడింటిలో కనీసం రెండు తేడాగా ఉంటేనే ఆ ఎలుకకి నరాల జబ్బు ఉందనాలని. ఒక్క పోగు పరీక్షతో పని కానిచ్చేయడం కుదరదన్నమాట. జంతు ప్రయోగాల్లో ఏమేం తప్పక రాయాలో చెప్పే అరైవ్ మార్గదర్శకాలు 2010లో వచ్చాయి, 2020లో సవరించారు.

ఆశ పుట్టించే పని కూడా ఉంది. పిరెంజెపిన్ అని ఒకప్పటి కడుపులో పుండ్ల మందు. ఎలుక నరం కణాల్ని గాజు పాత్రలో పెంచి చూస్తే, ఇది వాటి కొమ్మలు పెరగకుండా పట్టుకున్న బ్రేకుని వదిలించింది. 2017లో అచ్చయిన పేపర్‌లో రకరకాల షుగర్ ఎలుకల్లో నరం దెబ్బని ఆపడమే కాదు, వచ్చిన దెబ్బని వెనక్కి తిప్పినట్టు కూడా చూపించారు. చర్మం మీద రాసే మందుగా మనుషుల్లో పరీక్షలకి వెళ్ళింది. గమనించండి, ఇక్కడ అడిగింది సరైన ప్రశ్న: పాడయ్యాక ఇస్తే ఏమవుతుంది? రేపు ఇది కూడా ఫెయిల్ కావచ్చు. అయినా పరీక్ష పెట్టిన తీరు నచ్చింది.

చట్టాలు కూడా మారుతున్నాయి. మనుషుల మీదికి వెళ్ళేముందు జంతు పరీక్ష తప్పనిసరి అన్న నిబంధనని అమెరికా 2022 డిసెంబర్‌లో తీసేసింది. మన దేశంలో 2023లో కొత్త మందుల నియమాలు సవరించి, మనిషి కణాలతో చేసే పద్ధతులకి కూడా చోటిచ్చారు. అవయవదానం చేసిన వాళ్ళ నుంచి తీసిన నరాల గుత్తుల మీద ఇప్పుడు నేరుగా పని జరుగుతోంది. అయితే గాజు పాత్రలో కణానికి మీటరు పొడవూ ఉండదు, పదిహేనేళ్ళ షుగరూ ఉండదు. కాబట్టి ఎలుకలు రేపే ఖాళీ అవ్వవు. మన దగ్గర ప్రతి ప్రయోగానికీ సంస్థ లోపలి ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, ఎన్ని జంతువులు, ఎందుకన్ని అని చెప్పాలి. నా వరకు నలభై ఎలుకల్ని బాధపెట్టి, చివరికి ఎవరికీ ఏమీ చెప్పని పరీక్ష చేయడం ఆ ఎలుకలకీ అన్యాయం, ఇక్కడ కాళ్ళు మండుతున్న వాళ్ళకీ అన్యాయం.

సరే, అమ్మగారి సంగతి. కషాయం నరాల్ని బాగు చేస్తుందనడానికి ఆ పేపర్ చాలదు, మందులు మాత్రం ఆపనివ్వొద్దు. ప్రీగాబాలిన్ వాడుతుంటే హఠాత్తుగా అసలు ఆపకూడదు. మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్ళుగా వేసుకుంటుంటే బీ12 తగ్గే అవకాశం ఉంది, అది తగ్గినా ఇవే తిమ్మిర్లు వస్తాయి. రక్త పరీక్షతో తేలిపోతుంది, డాక్టర్‌ని అడగండి. షుగర్ అదుపు వల్ల ఉపయోగం ఉందా అంటే, టైప్-1 వాళ్ళలో చాలా ఉంది. 1993 నాటి డీసీసీటీ అనే పెద్ద పరీక్షలో గట్టి అదుపు పెట్టిన వాళ్ళకి నరాల జబ్బు 60 శాతం తగ్గింది. టైప్-2లో ఆ లాభం అంత పెద్దది కాదు, అయినా ఉంది.

ఇంకొకటి, ఈసారి వెళ్ళినప్పుడు పాదం పరీక్ష చేయమనండి. డాక్టర్ ఒక నైలాన్ పోగు తీసి అరికాలి మీద వంగేదాకా నొక్కి "తెలుస్తోందా" అని అడుగుతారు. 10 గ్రాముల పోగు అది, ఎలుక దగ్గర చూసిన పోగుకి చుట్టమే. తెలియకపోతే ఆ పాదానికి ఇక రోజూ రాత్రి లైటు కింద వేళ్ళ సందులతో సహా ఎవరో ఒకరు చూడాలి. అమ్మ వంగలేకపోతే మీరు చూడండి.

వచ్చే ఎపిసోడ్‌లో చాలామంది అడిగిన కాళ్ళ మసాజ్ మెషీన్ల సంగతి చూద్దాం. ఉంటాను, నమస్తే.